జంటలో ఒకదాన్ని ఆపాలి – ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 7

స్ఫటికం ఇవాళ చేతికొచ్చింది. పొడవు 5 మిల్లీమీటర్లు. వెలుతురుకు ఎత్తి చూస్తే మామూలు గాజుముక్కే. యట్రియం అల్యూమినియం గార్నెట్, లేజర్ పని చేసేవాళ్ళంతా యాగ్ అంటారు. అందులో వెయ్యి యట్రియం అయాన్లకు ఒకటి చొప్పున తూలియం అనే అరుదైన లోహం చేర్చి పెంచారు. పెనవేసుకున్న జంట ఫోటాన్లలో (ఒకదాన్ని కొలిస్తే రెండోదాని సంగతీ తెలిసిపోయేలా ముడిపడ్డ కాంతి రేణువులు) ఒకదాన్ని ఇందులో కాసేపు ఆపి, రెండోదానితో ఉన్న ముడి తెగకుండా తిరిగి బయటికి తేవాలి. మా ప్రాజెక్టు అంతా ఇదే.

ఉగాదికి ఊరెళ్ళినప్పుడు అమ్మ అడిగింది, "ఆ ల్యాబుల ఏం జేస్తవు బిడ్డా?" అని. మాది సూర్యాపేట, అందుకని బస్సు లెక్కలో చెప్పాను. మా తర్వాత ఈ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళకు పనికొస్తుందని అదే ఇక్కడా రాసిపెడుతున్నాను.

హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. మంచి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు 0.2 డెసిబెల్ పోగొట్టుకుంటుంది. మొత్తం దారికి 54 డెసిబెల్. ఇక్కడ పది లక్షల ఫోటాన్లు ఎక్కిస్తే అక్కడ దిగేవి నాలుగు. ఫోన్ మాటలకైతే దారిలో పెంచే యంత్రాలు పెట్టుకుంటాం. ఒంటరి ఫోటాన్‌కు ఆ వీల్లేదు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం కుదరదని 1982లో వూటర్స్, జురెక్ నిరూపించారు. మిగిలిన దారి సూర్యాపేటలో మజిలీ వేయడమే. హైదరాబాదు–సూర్యాపేట ఒక ముక్క, సూర్యాపేట–విజయవాడ ఇంకో ముక్క. సగం దారికి నష్టం 27 డెసిబెల్, అంటే వెయ్యికి రెండు చేరతాయి. కానీ రెండు ముక్కలూ ఒకే క్షణాన కుదరాలంటే మళ్ళీ పది లక్షలకు నాలుగే, మజిలీ వేసి లాభం లేదు. ముందు కుదిరిన ముక్క రెండోదాని కోసం ఆగగలిగితేనే లెక్క మారుతుంది. రెండూ కుదిరాక సూర్యాపేటలో ఉన్న రెండు కొసల్నీ కలిపి కొలిస్తే హైదరాబాదుకూ విజయవాడకూ ముడి పడుతుంది. ఈ దారి 1998లో బ్రీగెల్, డ్యూర్, సిరాక్, జోలర్ చూపించారు. అందులో ఆగడం అనే చిన్న పని మాది.

"బస్సు ఆగినట్టా?" అంది అమ్మ. అంతే.

మనకంటే ముందు చేసినవాళ్ళున్నారు. 2011 జనవరిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పేపర్లు వేసింది. జెనీవా వాళ్ళు నియోడిమియం ఉన్న స్ఫటికంలో, కెనడాలోని కాల్గరీ వాళ్ళు తూలియం ఉన్న లిథియం నియోబేట్‌లో పెనవేసుకున్న కాంతిని ఆపారు. కాల్గరీలో ఆగింది 7 నానోసెకన్లు, ఆగిన ఫోటాన్ 795 నానోమీటర్లది, దాని జంట 1532ది. మేం తూలియం వైపు మొగ్గడానికి కారణం డబ్బు. ఇదే పనికి వాడే ప్రేసియోడిమియంకు 606, యూరోపియంకు 580 నానోమీటర్ల లేజర్లు కావాలి, వాటి ధర మా అందుబాటులో లేదు. తూలియం యాగ్‌కు 793.38 చాలు. అక్కడ డయోడ్ లేజర్ దొరుకుతుంది, మనమే కట్టుకోవచ్చు కూడా.

ఏప్రిల్ 24

లేజర్ కట్టడం మొదలై పన్నెండు రోజులు. డయోడ్ ముందు లెన్సు, దాని ముందు మిల్లీమీటరుకు 1800 గీతలున్న గ్రేటింగ్. గ్రేటింగ్ నుంచి ఒక పాయ వెనక్కి డయోడ్‌లోకే పోయేలా తిప్పాలి, అప్పుడు డయోడ్ ఆ రంగుకే కట్టుబడుతుంది. 793కి కోణం 45.5 డిగ్రీలు. కాగితం మీద ఇంత తేలికైన లెక్క బల్ల మీద మూడు రోజులు పట్టింది. స్క్రూ వెంట్రుకవాసి కదిలితే రంగు దూకేస్తుంది.

బయట 41 డిగ్రీలు. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా లేజర్ జారుతోంది. జూనియర్ తమ్ముడు ఎక్కడినుంచో థర్మకోల్ పెట్టె తెచ్చాడు. దాన్ని కోసి లేజర్ మీద బోర్లించాం, లోపల అల్యూమినియం రేకు అతికించాం. జారడం సగానికి సగం తగ్గింది. ఇన్ని ఖరీదైన వస్తువుల మధ్య ఈ వారం ఎక్కువ మేలు చేసింది ఆ పెట్టే.

మే 17

స్ఫటికాన్ని మొదటిసారి చల్లబరిచాం. రాత్రంతా వాక్యూమ్ పంపు నడిపి, పొద్దున్నే కంప్రెసర్ ఆన్ చేశాం. మాది హీలియం లోపలే తిరిగే క్రయోస్టాట్ (బాగా చల్లబరిచే యంత్రం), ద్రవ హీలియం కొనే పని లేదు. మధ్యాహ్నానికి థర్మామీటర్ 3.6 కెల్విన్ (దాదాపు మైనస్ 270 డిగ్రీలు) చూపించింది. అందరం చప్పట్లు కొట్టాం.

తొందరపడ్డాం. లేజర్ వేసి చూస్తే స్ఫటికం 3.6 కెల్విన్‌లో ఉండాల్సినట్టు లేదు. ఒకే రంగు లేజర్ కాసేపు వేస్తే స్ఫటికం ఆ రంగును పీల్చుకునే తీరులో ఒక గుర్తు పడుతుంది. బాగా చల్లగా ఉంటే అది సన్నగా, లోతుగా రావాలి. వెడల్పుగా, పైపైన వచ్చింది. థర్మామీటర్ ఉన్నది రాగి దిమ్మ మీద, స్ఫటికం మీద కాదు. మా ల్యాబు మేడమ్ ఒకటే మాట అన్నారు: "స్ఫటికాన్నే అడగండి, దాని వేడి అదే చెబుతుంది." గుర్తు వెడల్పుని బట్టి లెక్కేస్తే స్ఫటికం 10 కెల్విన్ దగ్గర కూర్చుని ఉంది. విప్పి చూస్తే ఇత్తడి క్లాంపు చలికి ముడుచుకుని పట్టు వదిలేసింది. స్ఫటికం రెండు మూలల్లోనే దిమ్మకు తగులుతోంది.

విప్పడానికి ముందు ఇంకోటి జరిగింది. నిన్న రాత్రి ఈదురుగాలి, వడగళ్ళు, కరెంటు పోయింది. ఎలక్ట్రానిక్స్ యూపీఎస్ మీద బతికాయి. మూడు ఫేజుల కంప్రెసర్‌ను యూపీఎస్ మోయలేదు. తెల్లారేసరికి 200 కెల్విన్ దాటింది. ఇక్కడ పని మొదలుపెట్టేవాళ్ళు గుర్తుంచుకోండి: హైదరాబాదులో మే నెల సాయంత్రాలు ముఖ్యమైన కొలత ఏదీ పెట్టుకోకూడదు.

జూన్ 5

స్ఫటికానికి కొత్త హోల్డరు కోసం బాలానగర్ వర్క్‌షాపుకు వెళ్ళాం. ఆక్సిజన్ లేని రాగి కడ్డీ మేమే పట్టుకెళ్ళాం. డ్రాయింగ్ చూసి మేస్త్రీ పెదవి విరిచాడు. "రాగి సాగుతది మేడం, టూలుకు అంటుకుంటది. ఆగాగి కొయ్యాలె. రెండు రోజులు ఇడువుండ్రి." రెండు రోజులకు ఇచ్చాడు. లోపలి ముఖం అద్దంలా ఉంది. అడక్కుండానే అంచులన్నీ గీకి నున్నగా చేశాడు. స్ఫటికానికీ రాగికీ మధ్య ఇండియం రేకు వేసి బిగించాం. ఇండియం ఎంత చల్లబడినా మెత్తగానే ఉంటుంది, సందులన్నీ పూడుస్తుంది. ఈసారి స్ఫటికం మాటా థర్మామీటర్ మాటా ఒకటే.

జూన్ 20

ఇప్పుడు అసలు పని. స్ఫటికంలో తూలియం అయాన్లు కోటానుకోట్లు. ఒక్కోదాని చుట్టూ అమరిక కొద్దికొద్దిగా వేరు, అందువల్ల ఒక్కోటి కొద్దిగా వేరే శ్రుతిలో (ఫ్రీక్వెన్సీలో) కాంతిని పట్టుకుంటుంది. ఆ శ్రుతులన్నీ కలిపి దాదాపు 20 గిగాహెర్ట్జ్ మేర పరుచుకుని ఉంటాయి. ఒంటరి అయాన్ గీత మాత్రం దానికంటే లక్షల రెట్లు సన్నం. ఒకే శ్రుతి దగ్గర లేజర్‌ను కాసేపు నిలిపితే ఆ శ్రుతికి పలికే అయాన్లు పైకెక్కి, దిగేటప్పుడు వేరే చోట చిక్కుకుంటాయి. ఆ శ్రుతి దగ్గర స్ఫటికం పారదర్శకం అవుతుంది. స్పెక్ట్రంలో గుంత పడినట్టు.

అయస్కాంతం లేకపోతే ఆ గుంత 10 మిల్లీసెకన్లలో పూడిపోతుంది. దిగే దారిలో ఒక మధ్య అంతస్తు (మధ్యస్థ శక్తి స్థాయి) ఉంది, అయాన్లు అక్కడ అంతసేపే నిలుస్తాయి. అయస్కాంత క్షేత్రం పెడితే తూలియం కేంద్రకం స్పిన్ (దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) వల్ల కింది అంతస్తే రెండుగా చీలుతుంది, అయాన్లను రెండో అరలోకి తోసేయవచ్చు. క్రయోస్టాట్‌కు అటూ ఇటూ నియోడిమియం అయస్కాంత బిళ్ళలు బిగించాం. కొన్ని పదుల మిల్లీటెస్లాలు వచ్చాయి. గుంత సెకన్ల పాటు నిలిచింది! స్క్రీన్ మీద అది పూడకుండా అలాగే ఉంటే తమ్ముడు స్టాప్‌వాచ్ తీసి లెక్కపెట్టాడు.

జులై 14

నిన్న లష్కర్ బోనాలు, ల్యాబుకు రాలేదు. ఇవాళ పొద్దున్నుంచి దువ్వెన పని.

దువ్వెన ఎందుకో చెబుతాను, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఫోటాన్ స్ఫటికంలోకి వెళ్ళినప్పుడు ఏ ఒక్క అయానో దాన్ని మింగదు. లక్షల అయాన్లు కలిసి పంచుకుంటాయి. పంచుకున్న మరుక్షణం నుంచీ ఒక్కోటి తన శ్రుతిలో తను తిరగడం మొదలుపెడుతుంది, చెల్లాచెదురవుతాయి. చెదిరినంత కాలం కాంతి బయటికి రాదు. కేబీఆర్ పార్కు గేటు దగ్గర ఒకేసారి బయల్దేరిన నడకవాళ్ళను ఊహించండి. ఒకరు గంటకు ఒక చుట్టు, ఇంకొకరు రెండు, మరొకరు మూడు. మధ్యలో ఎవరెక్కడున్నారో తెలియదు. కానీ సరిగ్గా గంట అయ్యేసరికి అందరూ గేటు దగ్గరే ఉంటారు. ఒకటిన్నర చుట్టు తిరిగేవాడు ఉంటే మాత్రం అతను అప్పటికి అవతలి వైపు ఉంటాడు, వరస పాడు. అందుకని ఒకటిన్నర వాళ్ళందరినీ ముందే పక్కకు పంపేయాలి. గుంతలు తవ్వేది అందుకే. సమాన దూరాల్లో పళ్ళు మిగిలేలా మధ్యలో ఖాళీ చేస్తే అయాన్లన్నీ చెప్పిన సమయానికి మళ్ళీ గేటు దగ్గర కలుస్తాయి, కాంతి తనంత తానే బయటికొస్తుంది. పళ్ళ మధ్య దూరం 10 మెగాహెర్ట్జ్ అయితే 100 నానోసెకన్లకు, 1 మెగాహెర్ట్జ్ అయితే మైక్రోసెకనుకు. ఈ పద్ధతిని 2009లో అఫ్జేలియస్, సైమన్, డి రీడ్‌మాటెన్, గిసిన్ ప్రతిపాదించారు.

తవ్వడానికి తేలిక దారి ఒకటుంది. 100 నానోసెకన్ల ఎడంతో రెండు పల్సులు, కాస్త ఆగి మళ్ళీ రెండు, ఇలా వేలసార్లు. ఆ జంట పల్సుల స్పెక్ట్రమే దువ్వెనలా ఉంటుంది, స్ఫటికం మీద అలాగే అచ్చుపడుతుంది.

సాయంత్రం ఆరున్నరకు ఆసిలోస్కోప్‌లో పెద్ద పల్సు దాటాక 100 నానోసెకన్ల దగ్గర చిన్న బుడిపె. ఎవరం మాట్లాడలేదు. మొదట వచ్చిన అనుమానం కేబులు మీద. పది మీటర్ల కేబులులో సిగ్నలు అటూ ఇటూ పోయి వచ్చినా అదే 100 నానోసెకన్లు. లేజర్‌ను తూలియం గీత నుంచి పక్కకు జరిపాం, బుడిపె పోయింది. వెనక్కి తెచ్చాం, వచ్చింది. జంట పల్సుల ఎడం 130 చేశాం, బుడిపె 130కి జరిగింది. అప్పుడు నమ్మాం. వెళ్ళిన కాంతిలో తిరిగొచ్చింది నూటికి మూడు వంతులు. అమ్మకు ఫోన్ చేశాను.

300 నానోసెకన్లకు పెంచితే ఏమీ రాలేదు. లేజరే మెగాహెర్ట్జ్ మేర వణుకుతోంది. వణికే చేత్తో అంత సన్నని పళ్ళు చెక్కడం కుదరదు.

ఆగస్టు 8

మూడు వారాలు లేజర్ రంగు వణక్కుండా కట్టిపడేసే పనే. వేడికి పెద్దగా సాగని ఇన్వార్ లోహపు గొట్టం రెండు చివరలా అద్దాలు, దాన్ని వాక్యూమ్ డబ్బాలో పెట్టి, పౌండ్–డ్రెవర్–హాల్ పద్ధతిలో లేజర్‌ను దానికి లాక్ చేశాం. సర్క్యూట్ బోర్డులకు కావాల్సినవి కోఠిలో దొరికాయి, ఒక్క ఫాస్ట్ ఫోటోడయోడ్ తప్ప.

లాక్ పడ్డాక అసలు శత్రువు బయటపడింది. క్రయోస్టాట్ పిస్టన్ సెకనుకోసారి కొడుతుంది, ఆ దెబ్బకు స్ఫటికం కదులుతుంది. దాన్ని ఆపలేం. మా నాయనమ్మ వాళ్ళింట్లో పసుపు దంచేటప్పుడు పోటుకీ పోటుకీ మధ్య ఇంకొకామె రోట్లో చెయ్యిపెట్టి ఎగదోసేది. రోకలి ఆగదు, చెయ్యి లయ పట్టుకోవాలి. మేమూ అంతే చేశాం. పిస్టన్ దెబ్బను గుర్తించే సెన్సరు పెట్టి, దెబ్బ సద్దుమణిగాక దువ్వెన చెక్కడం, ఆ తర్వాత మధ్య అంతస్తు ఖాళీ అయ్యేందుకు 30 మిల్లీసెకన్లు ఆగడం, మిగిలిన వ్యవధిలో కాంతిని దాచి తీయడం, మళ్ళీ దెబ్బ పడేలోగా ముగించడం.

500 నానోసెకన్లు వచ్చింది.

తమ్ముడు అడిగిన ప్రశ్న రాసుకోవాలి. "అక్కా, అయిదు వందల నానోసెకన్లంటే వంద మీటర్ల ఫైబర్ చుట్ట. అది పెట్టుకుంటే నూటికి తొంభైకి పైగా తిరిగొస్తది. మనకు వస్తున్నయి మూడో నాలుగో. మరి ఇదంతా ఎందుకు?" సరైన ప్రశ్న. దీన్ని దాటేసే పేపర్లంటే నాకు కోపం. ఇవాళ్టి లెక్కలో ఫైబర్ చుట్టే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు.

కానీ చుట్టలోకి వెళ్ళిన ఫోటాన్‌ను మధ్యలో "ఇంకాసేపుండు" అనలేం. సూర్యాపేటలో రెండో ముక్క ఎప్పుడు కుదురుతుందో ముందే తెలియదు, కుదిరినప్పుడే పిలవాలి. స్ఫటికంలో ఆ దారి ఉంది. తిరిగి కలిసేలోగా ఇంకో లేజర్ పల్సుతో అయాన్లను స్పిన్ అంతస్తులోకి దింపేస్తే అక్కడ గడియారం ఆగినట్టే, మళ్ళీ ఇంకో పల్సు వేస్తేనే కదులుతుంది. 2021లో చైనాలోని హెఫేలో యూరోపియం స్ఫటికంలో కాంతిని గంటసేపు నిలిపారు. అది ఒంటరి ఫోటాన్ కాదు, మామూలు లేజర్ పల్సు. అయినా గంట గంటే. అంతసేపు ఫైబర్‌లో తిప్పాలంటే 72 కోట్ల కిలోమీటర్ల చుట్ట కావాలి. అదే ఏడాది బార్సిలోనా దగ్గరి ఐసీఎఫ్ఓ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు ప్రేసియోడిమియం స్ఫటికాల మధ్య ముడి వేశారు, ముడి పడిందన్న కబురు టెలికాం ఫైబర్‌లో వెళ్ళే ఫోటానే చెప్పింది. మన తూలియంలో ఈ రెండో మెట్టు కష్టం, నిజమే. ముందు మొదటి మెట్టు నిలవాలి.

సెప్టెంబర్ 7

నిన్న నిమజ్జనం. మా వెనక రోడ్డు మీదుగా రాత్రంతా విగ్రహాలు వెళ్ళాయి. డీజే బాక్సుల అదురుకు లాక్ నలభైసార్లు ఊడింది. కొలత ఆపేసి, కిందికెళ్ళి దండం పెట్టుకుని వచ్చాం. ఇన్వార్ డబ్బా కింద రబ్బరు దిండ్లు మార్చాలి.

సెప్టెంబర్ 17

ఇక జంట ఫోటాన్లను పుట్టించే మూలం. 405 నానోమీటర్ల ఫోటాన్‌ను పీపీకేటీపీ స్ఫటికంలో రెండుగా చీలిస్తే ఒకటి 793, ఇంకోటి 828 రావాలి. స్ఫటికాన్ని ఓవెన్‌లో పెట్టి డిగ్రీలో పదో వంతు చొప్పున వేడి మారుస్తూ 793.38 మీదికి తెచ్చాం. జంటలు దండిగా వస్తున్నాయి. అంతా సవ్యంగా ఉందనుకున్నాం.

అయితే ఈ జంటల వెడల్పు నానోమీటరు దాకా ఉంది. 793 దగ్గర ఒక నానోమీటరు అంటే 477 గిగాహెర్ట్జ్. మా దువ్వెన 100 మెగాహెర్ట్జ్. దాదాపు 4,800 ఫోటాన్లలో ఒక్కటే దువ్వెనకు తగిలేది. మిగతావన్నీ రొద. గంగాళంలోని నీళ్ళు అత్తరు సీసాలోకి వంపుతున్నట్టు.

దీనికి ప్రకృతే ఒక సాయం చేసింది. జంటలోని రెండు శక్తులూ కలిపితే పంపు (చీలడానికి లోపలికి పంపే 405 లేజర్) శక్తికి సమానం కావాలి. 828 వైపు చాలా సన్నని రంగుపట్టీనే వదిలే ఎటాలాన్ ఫిల్టరు పెట్టి, దాన్ని దాటి వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటే దాని జంట 793 ఫోటాన్ కూడా దువ్వెన వెడల్పులోనే ఉండి తీరాలి, దాన్ని మనం తాకకపోయినా. పెట్టి చూశాం. పనిచేయలేదు. రెండు రోజులు ఎటాలాన్‌నే అనుమానించాం. తప్పు పంపుది. మేం వాడిన చవక 405 డయోడ్ ఒక్క రంగులో లేదు, తనే అర నానోమీటరు వెడల్పుంది. మొత్తమే స్థిరంగా లేకపోతే ఒక భాగం కొలిచి రెండోది ఎలా చెబుతాం? మేడమ్ తెలిసిన ల్యాబు నుంచి ఒకే మోడ్‌లో నడిచే 405 లేజర్ రెండు వారాలకు అడిగి తెచ్చారు. 793 వైపు కూడా ఒక ఎటాలాన్ పెట్టాం, దువ్వెనకు తగలని రొద డిటెక్టరు దాకా రాకుండా.

సెప్టెంబర్ 28

మూడు రాత్రులుగా పోగేస్తున్నాం. గది లైట్లు ఆర్పి, బల్లంతా నల్లబట్ట కప్పి, రౌటరు మీద మెరిసే చుక్కకు కూడా నల్లటేపు అంటించాం. 828 డిటెక్టరు టిక్కుమన్నప్పుడు గడియారం మొదలు, 793 డిటెక్టరు టిక్కుమన్నప్పుడు ఆపు. ఆ తేడాలన్నీ ఒక పటంలో పేర్చుకుంటూ పోవడం. గంటకు వందకు అటూ ఇటూ జంట టిక్కులు మాత్రమే వస్తున్నాయి. అందుకే మొదటి ప్రయత్నానికి 100 నానోసెకన్ల దువ్వెనే పెట్టాం.

మొదటి రాత్రి సున్నా దగ్గర ఎత్తైన శిఖరం, అది స్ఫటికంలో ఆగకుండా దాటిపోయిన వాటిది. మిగతాదంతా గడ్డి. రెండో రాత్రి 100 దగ్గర గడ్డి కాస్త ఎత్తుగా ఉందా అనిపించింది. ఇవాళ తెల్లవారుజామున నాలుగింటికి మూడు రాత్రుల లెక్కలూ కలిపి గీస్తే 100 దగ్గర బుడిపె నేలను విడిచి నిలబడింది. దువ్వెన చెరిపేసి రెండు గంటలు నడిపాం. ఆ చోటు చదునుగా ఉంది. దువ్వెన మళ్ళీ వేశాం, మెల్లగా లేస్తోంది.

ఇది ముడి నిలిచిందనడానికి సాక్ష్యం కాదు. ఒక ఫోటాన్ లోపలికి వెళ్ళి, ఆగి, తిరిగొచ్చిందని మాత్రమే చెబుతుంది. ముడి చూడాలంటే రెండు వైపులా పొట్టిదారి, పొడవుదారి ఉన్న ఇంటర్‌ఫెరోమీటర్లు (కాంతిని రెండు దారుల్లో పంపి మళ్ళీ కలిపే అద్దాల అమరికలు) పెట్టి, ఫేజు తిప్పుతూ జంట లెక్కలు ఎంత లోతుగా ఊగుతాయో కొలవాలి. ఆ ఊపు 70.7 శాతం దాటాలి. అద్దాలు వచ్చాయి, మౌంట్లు బాలానగర్‌లో ఉన్నాయి. దసరాకి మేస్త్రీ ఊరెళ్తాడట, ఎల్లుండి సద్దుల బతుకమ్మ. ఆ లోపే తెచ్చేసుకోవాలి.

అరువు లేజర్‌కు ఇంకా మూడు రోజుల గడువుంది. తమ్ముడు బల్ల పక్కనే కుర్చీలో నిద్రపోయాడు. బుడిపెలో ఇప్పుడు 214 లెక్కలు.